జగన్నాథంగారి పిస్తోలు చూపులు

జగన్నాథంగారికి ఏ పిస్తోలూ నచ్చదు. పిస్తోళ్ళంటే ఇష్టం లేక కాదు, ప్రాణం. కానీ ఫలానాది అని ఒకదాన్ని తెచ్చి చేతిలో పెడితే చాలు, దానికో వంక దొరుకుతుంది. పదకొండేళ్ళుగా ఆయన తనకో సొంత పిస్తోలు ఎంచుకుంటూనే ఉన్నారు. ఈలోగా సింగపూర్లో కొత్త రైలు లైన్లు వచ్చాయి. ఆయన మనవరాలు పుట్టి, బడికెళ్ళి, తాతతో ఇంగ్లీషులో వాదించే వయసుకొచ్చింది. పిస్తోలు మాత్రం రాలేదు.

ఇక్కడ పిస్తోలు ఇంటికి తీసుకెళ్ళే వస్తువు కాదు. లైసెన్సు తెచ్చుకుని, కొనుక్కుని, షూటింగ్ క్లబ్బు ఆయుధాల గదిలోనే ఉంచాలి. శనివారం వెళ్ళి సంతకం పెట్టి తీసుకోవాలి. కాగితం మీది నల్లటి చుక్కను కాల్చాలి. మళ్ళీ సంతకం పెట్టి అప్పగించి రావాలి. అందుకని సొంతదారులకు దాని గురించి మాట్లాడుకోవడమొక్కటే మిగిలిన సుఖం. క్లబ్బు క్యాంటీన్లో ఆ సుఖం చాలా గట్టిగా వినిపిస్తూ ఉంటుంది. ఒకరిది బరువు సరిగ్గా ఉందంటారు, ఇంకొకరిది బరువే లేదంటారు. ఎవరెంత చెప్పుకున్నా, జగన్నాథంగారు పట్టుకుని చూసేదాకా ఎవరికీ నిద్ర పట్టదు. చూశాక అసలే పట్టదు.

ఉదయశ్రీ ఈ తంతు మొదటిసారి చూసింది క్లబ్బులో చేరిన రెండో శనివారం. ఆమెది కరీంనగర్. వన్-నార్త్‌లోని ఒక ల్యాబులో పరిశోధన చేస్తోంది. ఆ రోజు రాఫెల్స్ ప్లేస్ బ్యాంకులో పనిచేసే యోగేశ్వరన్ కొత్త పిస్తోలు తెచ్చాడు. అతనికది మూడోది. మొదటి రెండింటికీ వంకలు తేలిపోయాయి.

"ఈసారి మీరేం అనలేరు అంకుల్. ట్రిగ్గర్ సూపర్ స్మూత్ లా!" అన్నాడు, సింగపూర్ వాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా' తగిలించి.

జగన్నాథంగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పిస్తోలు ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, గొట్టం గురి వైపు తిప్పి, చెయ్యి చాచి ఊపిరి బిగబట్టారు. వెనకున్న నలుగురు సొంతదారులూ బిగబట్టారు.

"బాగుంది," అన్నారు.

యోగేశ్వరన్ ముఖం వెలిగింది.

"బాగుంది గానీ యోగేశూ, దీనికి తొందరెక్కువ. నువ్వు నిర్ణయించుకునేలోగా ఇదే నిర్ణయించేసుకుంటాది. కొన్ని లిఫ్టులు సూడు, తలుపు మూసుకోకుండానే బయల్దేరిపోతాయి. ఆ రకం."

మలేషియాలోని పేరాక్‌లో పుట్టిన జగన్నాథంగారు సింగపూర్లోని ఆంగ్ మో కియోలో స్థిరపడి ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశారు. ఆయన ఉపమానాలన్నీ అక్కడివే. ఆ పిస్తోలు తర్వాత రెండు వారాలు పెట్టెలోంచి బయటికి రాలేదు.

కేశవరావుగారని ఇంకో సభ్యుడు. ఆయన తన చేతి కొలతలిచ్చి మరీ చెక్క పిడి చేయించుకున్నారు. జగన్నాథంగారు పట్టుకుని చూసి, "ఇది పిడేటండీ? సోఫా. ఇందులో సెయ్యి కూకుంటాది గానీ మరి లేవదు," అన్నారు. పాపం కేశవరావుగారు ఆ చెక్కను నెలరోజులు ఉప్పుకాగితంతో రుద్దారు. మళ్ళీ చూపిస్తే, "ఇప్పుడు స్టూలైపోనాది," అన్నారు.

ఇలా పెళ్ళిచూపులకు వెళ్ళినట్టే వెళ్ళి, అందరి పిస్తోళ్ళూ చూసి, అన్నింటినీ వద్దని, ఆయన మాత్రం క్లబ్బువాళ్ళ పాత పిస్తోలుతోనే కాల్చేవారు. శనివారం తొమ్మిదింటి నుంచి పదకొండు దాకా సొంత పిస్తోలు లేనివాళ్ళకు కేటాయించిన చిన్న హాలు ఉంది. అక్కడికొచ్చే కొత్తవాళ్ళు ఏడుగురు. ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, ఉదయశ్రీ, ఇంకో నలుగురు విద్యార్థులు. సొంతది కొనుక్కునే స్తోమత వాళ్ళలో ఎవరికీ లేదు.

ఉదయశ్రీకి ఆ రెండు గంటలే వారమంతటికీ ఆధారం. ల్యాబు మీటింగులో ఎవరైనా ప్రశ్న వేస్తే ఆమె జవాబు గొంతు దాకా వచ్చి అక్కడే ఉండిపోయేది. ఈ హాల్లో ఎవరూ ప్రశ్నలు వేయరు. చెయ్యి చాచి నలభైసార్లు కాల్చాక లోపలంతా నిమ్మళంగా ఉండేది. పక్కన నిలబడి జగన్నాథంగారు, "భుజం దించమ్మాయ్. తుపాకీని బెదిరించకు. అదే భయపడిపోయుంది," అనేవారు.

అంత మంచి మనిషికి సొంత పిస్తోలు లేకపోవడం ఆమెకు అన్యాయంగా తోచింది. పరిశోధన చేసే బుర్ర కదా, ఊరుకోలేదు. ఆయన పెట్టిన వంకలన్నీ వారం వారం ఒక పట్టికలో రాసింది. తొందర, బద్ధకం, సోఫా, స్టూలు, పొగరు, నంగితనం. ఎనిమిది నెలల్లో మొత్తం తొంభైమూడు తేలాయి. ఒక్కో వంకనూ కొలతలోకి మార్చింది. తొందరంటే ట్రిగ్గరు ఇంత తేలిక, బద్ధకమంటే ఇంత బరువు, సోఫా అంటే పిడి ఇంత వెడల్పు. చివరికి ఈ తొంభైమూడింట్లో ఒక్కటి కూడా లేని పిస్తోలు ఎలా ఉండాలో లెక్క తేలింది. అలాంటిది నిజంగానే ఒకటుంది.

ఎదురుగా చెప్పడానికి ధైర్యం చాలక యోగేశ్వరన్‌కు మెసేజ్ పెట్టింది. సొంతదారులందరూ ఒక్క పూటలో చందాలు వేసుకున్నారు. అందులో అభిమానం కొంతే, మిగతాదంతా కక్ష.

"జగన్నాథం అంకుల్ ఏం అంటారో చూద్దాం లా," అన్నాడు యోగేశ్వరన్, పదకొండేళ్ళ పగ తీర్చుకోబోయేవాడిలా.

దుకాణంవాడు పిస్తోలును క్లబ్బుకు పంపి, శనివారం పన్నెండింటి దాకా గడువిచ్చాడు. ఆలోగా జగన్నాథంగారు లైసెన్సు దరఖాస్తు మీద సంతకం పెడితే అది ఆయన సొంతం.

శనివారం పదకొండున్నరకు ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. క్లబ్బంతా చుట్టూ మూగింది. ఆయన చెయ్యి చాచారు. దించారు. మళ్ళీ చాచారు. కళ్ళద్దాలు తీసి చూశారు, పెట్టుకుని చూశారు.

"తొందరా అంకుల్?" అన్నాడు యోగేశ్వరన్.

"లేదు."

"సోఫానా?" అన్నారు కేశవరావుగారు, ఆశగా.

"కాదండీ."

ఏసీ గదిలో జగన్నాథంగారి నుదుటి మీద చెమట పట్టింది. పిస్తోలును జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, "కొంచెం టీ తాగొత్తాను," అంటూ క్యాంటీన్‌లోకి దాదాపు పరిగెత్తారు. దరఖాస్తు పట్టుకుని యోగేశ్వరన్, వెనకే తక్కినవాళ్ళు వెళ్ళారు.

గెలిచానన్న సంతోషంతో ఉదయశ్రీ కూడా కదలబోతుంటే క్లబ్బు కార్యదర్శి మాలిని ఆపింది.

"అంకుల్ సైన్ చేసేశారా? అయితే మీ ఏడుగురికీ నేను ఈరోజే ఈమెయిల్ పెట్టాలి."

"మాకెందుకు ఆంటీ?"

"నీకు తెలియదా? కొత్తవాళ్ళ హాల్లో ఒక సీనియర్ ఉండాలి, అది రూల్. సొంత పిస్తోలు ఉన్నవాళ్ళ టైము కూడా తొమ్మిది టు పదకొండే, అవతలి హాల్లో. వాళ్ళ ప్రాక్టీసు మానేసి మీ కోసం ఎవరొస్తారు? ఇన్నేళ్ళూ అంకుల్‌కి సొంతది లేదు కాబట్టి మీ హాలు నడుస్తోంది. ఆయన కొంటే అటు వెళ్ళిపోతారు. ఇది క్లోజ్."

ఉదయశ్రీ చిన్న హాలు తలుపు వైపు చూసింది.

"నాలుగేళ్ళ కిందట ఒకటి ఆయనకు నచ్చింది," అంది మాలిని. "పది నిమిషాలు పట్టుకుని వదల్లేదు. నేను ఫారం తీశాను. 'మరి ఈ పిల్లల దగ్గర ఎవరుంటారు?' అన్నారు. 'ఎవరూ ఉండరు అంకుల్' అన్నాను. అంతే, రంగు బాగాలేదని తిరిగిచ్చేశారు. నలుపే కదా అన్నాను. అదే బాగాలేదన్నారు. ఇక్కడ అన్నీ నలుపే!"

ఉదయశ్రీ క్యాంటీన్‌కు పరిగెత్తింది. గోడ గడియారం పన్నెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. జగన్నాథంగారి ముందు చల్లారిపోయిన టీ, దరఖాస్తు, కలం ఉన్నాయి. చుట్టూ ఇరవై మంది.

"చెప్పండి అంకుల్, ఏంటి వంక?" యోగేశ్వరన్ వదలడం లేదు.

జగన్నాథంగారు తల వంచుకున్నారు. అందరూ ప్రేమగా కొనిచ్చినదాన్ని నలుపని తోసేయడానికి ఆయనకు ఈసారి నోరు రాలేదు.

"ఏటీ లేదురా," అన్నారు మెల్లగా. "పాపం, దానికే వంకా లేదు." కలం అందుకున్నారు.

"అంకుల్, జర ఆగుండ్రి!"

ఇరవై తలలూ తిరిగాయి. ఉదయశ్రీ మాట గొంతు దాకా వచ్చి అలవాటు ప్రకారం ఆగిపోబోయింది. ఆమె ఈసారి దాన్ని తోసింది.

"దీనికి వంకుంది."

"నీ పట్టికలో తొంభైమూడూ చూశాం కదా!" అన్నాడు యోగేశ్వరన్.

"ఇది తొంభై నాలుగోది." అదేమిటో ఆమెకే ఇంకా తెలియదు. పిస్తోలు పెట్టె ఉన్న హాలు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "అది మరీ మంచిగుంది అంకుల్. రేపు మీ గురి తప్పిందనుకోండి, నెపం ఎవరి మీద పెడ్తరు?"

ఎన్నేళ్ళ నుంచో తప్పిన ప్రతి గుండుకూ ట్రిగ్గరునో పిడినో తిట్టుకుంటున్న ఇరవై మంది సొంతదారులకు ఆ ప్రమాదం ఒక్కసారిగా కళ్ళ ముందు కనిపించింది. కేశవరావుగారు నీళ్ళు తాగారు.

జగన్నాథంగారు కలం కింద పెట్టేశారు. ముఖంలో రక్తం తిరిగొచ్చింది.

"అదీ! ఏటో ఉందనుకుంటన్నాను, పట్టుకోలేకపోనాను. అమ్మో, దీంతో ఏగలేం."

"మరి మా డబ్బు అంకుల్?" అన్నాడు యోగేశ్వరన్ నీరసంగా.

వెనకాలే వచ్చిన మాలిని అప్పటికే ఇంకో ఫారం తీసింది. పన్నెండుకు రెండు నిమిషాలుందనగా ఆ పిస్తోలు క్లబ్బు పేర నమోదైంది, కొత్తవాళ్ళ హాలు కోసం. తప్పినా నెపం వెతుక్కునే వయసు వాళ్ళకింకా రాలేదని అందరూ ఒప్పుకున్నారు.

జనం పలచబడ్డాక జగన్నాథంగారు ఉదయశ్రీ కోసం ఇంకో టీ తెప్పించి ఆమె ముందుకు జరిపారు. ఆమెను కాసేపు ఎగాదిగా చూశారు.

"మంచిదానివేనమ్మాయ్," అన్నారు. "గానీ గొంతు కొంచెం సన్నం."

పదకొండేళ్ళలో ఆయన ఒక మనిషికి వంక పెట్టడం అదే మొదటిసారి.

"సరి చేసుకుంట అంకుల్!" అంది ఉదయశ్రీ, క్యాంటీన్ చివరి బల్ల దాకా వినిపించేలా.