పసుపు బొట్టు పెట్టిన జీపీఎస్

ఒకరిని దారి అడగడం నామోషీ అని మా మేనమామ గట్టిగా నమ్మిన రోజులవి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మిర్యాలగూడ పక్కన వేములపల్లిలో బడిపంతులమ్మగా చేరి ఏడాది కూడా కాలేదు. ఆయనకు ఒక నమ్మకం ఉన్నట్టే నాకూ ఒకటి ఉండేది: ఏ వస్తువు గురించైనా పుస్తకం పూర్తిగా చదివితే ఆ వస్తువు వాడడం వచ్చేసినట్టేనని. ఈ రెండు నమ్మకాలూ కలిసి ఒక ఆదివారం పెద్దవూర దాటాక గుట్టల్లో ఏం చేశాయో చెబుతాను. మామ పోయి పది నెలలైంది. ఆయన గురించి ఎవరైనా అడిగితే నాకు మాటలు తొందరగా రావు. ఈ ఒక్క సంగతి మాత్రం కొంచెం తేలిగ్గా వస్తుంది.

మామ సూర్యాపేటలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆదివారం వస్తే చాలు, బూట్లు వేసుకుని ఏదో ఒక గుట్ట ఎక్కాల్సిందే. ఎక్కడంలో లోపం ఉండేది కాదు, దిగడంలోనే వచ్చేది. ఒకవైపు ఎక్కి ఇంకోవైపు దిగేవాడు. ఆ ఎండాకాలం అలాగే ఎవరికీ తెలియని ఊళ్ళో దిగి, వరిగడ్డి ట్రాక్టర్ మీద కూర్చుని, తల నిండా గడ్డితో మెయిన్ రోడ్డు మీదుగా ఇంటికొచ్చాడు. (ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు దారి పొడుగునా నమస్కారాలు పెట్టారట. ట్రాక్టర్ మీద నుంచే అందరికీ ప్రతినమస్కారం చేశాడట.) గేటు దగ్గర నిలబడి చూసిన అత్త లోపలికి కూడా రానివ్వకుండా తీర్పు చెప్పింది.

"ఇంకొక్కసారి గిట్ల తప్పిపోయి వచ్చినవో, ఇగ గుట్టలు బంద్. ఆ బూట్లు పాతసామాన్లోనికి ఏస్త. నా పానం పోతున్నది ఈడ."

అత్త అన్నదంటే చేస్తుంది. గుట్టలు లేని ఆదివారం మామకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. వానాకాలంలో రెండు వారాలు ఇంట్లో ఉంటే ఆయన పేపర్లో వధూవరుల ప్రకటనలు కూడా వరుసగా చదివేవాడు. మర్నాడే ఫోన్ చేశాడు. "బిడ్డా, చేతిల పట్టుకునే జీపీఎస్ ఉంటదంట గదా. గది కొందాం. మంచిది ఏదో నువ్వు చూడు." ఫోన్‌లోనే ఉంటుంది కదా మామా అన్నాను. "ఫోన్ తీస్కపోతే మీ అత్త ఫోన్ చేస్తది," అన్నాడు. 

నేను ఒక నోటుబుక్కు పెట్టి గీతలు కొట్టాను. రంగుల పటంతో వేలితో తాకే రకం ఒకటి, మీటలుండి రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే మామూలు రకం ఇంకొకటి. తాకే రకం చూడ్డానికి బాగుంది కానీ చెమట చేతికి పలకదని ఎవరో రాశారు, దాని బ్యాటరీ అయిపోతే గుట్ట మీద చార్జింగ్ ఎక్కడ? పెన్సిల్ సెల్స్ అయితే ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. పైగా నీళ్ళలో పడ్డా పాడుకాదట. మీటల రకమే తెప్పించాం. దానితో వచ్చిన పుస్తకం నేను రెండుసార్లు చదివాను. మామ అట్ట మీది బొమ్మ చూసి పక్కన పెట్టాడు. "చదివినోళ్ళు ఒకరుంటే సాలు," అన్నాడు.

కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే అత్త ఊరికే వాడనివ్వదు. మిక్సీకి చేసింది, ఇన్వర్టర్‌కి చేసింది, దీనికీ చేసింది. శనివారం సాయంత్రం నేను సూర్యాపేట వచ్చాక పూజగదిలో అరటిపండ్ల పక్కన జీపీఎస్ పెట్టి, పసుపు తడిపి, సరిగ్గా తెర కింది భాగం మీద బొట్టు పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. కొబ్బరికాయ కొట్టాక మామ, "బిడ్డా, మొదటి గుర్తు దేవుని కాడనే పెట్టు," అన్నాడు. పూజగదికి కిటికీ ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలను పట్టుకునేదాకా హారతి పళ్ళెం పట్టుకుని అత్త ఎదురుచూసింది. మార్క్ నొక్కాను. 001 అని వచ్చింది. సరే నొక్కాను. ఆ రాత్రి దాన్ని చెరిపేయాలనుకున్నాను. చెరిపేశాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కోదాడ నుంచి మా అక్క మొగుడు కారుతో వచ్చాడు. ఎదురుమాట్లాడని మనిషి, కానీ మాట్లాడితే సూటిగా మాట్లాడతాడు. పెద్దవూర దాటి గుట్ట మొదట్లో చింతచెట్టు కింద కారు ఆపాం. మామ మా ఫోన్లు కూడా కారులోనే పెట్టించాడు. నేను జీపీఎస్ తీసి మార్క్ నొక్కాను. అంతలో బావ ఫ్లాస్కు మూత తీసి, "టీ చల్లారిపోతుంది, రా," అన్నాడు. గ్లాసు అందుకునే తొందరలో సరే అనే మీటకు బదులు దాని పక్కన ఉన్న వెనక్కి అనే మీట నొక్కి, సంచిలో వేశాను. పుస్తకంలో పదకొండో పేజీలో ఈ రెండు మీటల బొమ్మ ఉంది. నేను రెండుసార్లు చూసిన పేజీ.

ఎక్కడం హాయిగా జరిగింది. పైన పులిహోర తిన్నాం. దూరంగా ఎడమ కాలువ, దాని కింద త్రిపురారం వైపు పచ్చటి మళ్ళు. రెండు గంటలకు మామ లేచి నిలబడి, "ఒక్క మాట. ఇయ్యాల ఎవల్నీ దారి అడిగేది లేదు. పెట్టె చెప్పినట్టే పోవుడు. మంచిగ పోయి ఇంట్ల చెప్పాలె," అన్నాడు. నేను జాబితా తెరిచాను. ఒకటే పేరు ఉంది, 001. కారు అనుకున్నాను. వెళ్ళు అని నొక్కాను. బాణం గుర్తు గట్టిగా ఒక దిక్కు చూపించింది. బాణం కింద ఎంత దూరమో అంకె ఉండాలి. అక్కడ ఎండిపోయిన పసుపు బొట్టు ఉంది. గోటితో గీకబోతే మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "పూజ చేసిన బొట్టు తుడుస్తరా? అదే రాలిపోవాలె. బాణం కనబడుతున్నది గదా, సాలు."

గంట నడిచాం. ముళ్ళకంపలు, రాళ్ళు, మళ్ళీ ఒక చిన్న గుట్ట. బాణం మాత్రం తొణకలేదు. చివరికి బావ ఆగిపోయాడు.

"మామయ్యగారూ, నాకో అనుమానం అండీ. పొద్దున గుట్ట ఎక్కేటప్పుడు ఎండ మొహాన కొట్టింది. సాయంత్రం తిరిగెళ్ళేటప్పుడు కూడా మొహానే కొట్టాలి కదండీ. ఇప్పుడేంటి వీపు కాలుతుంది?"

"ఎండకు తెల్వదయ్యా. దీనికి తెలుసు."

"సూర్యుడికంటే దీనికి ఎక్కువ తెలుసంటారా?"

"సూర్యుడు ఒక్కడు. ఈడ ఉపగ్రహాలు ఎన్నున్నయో బిడ్డను అడుగు."

తొమ్మిది అని చెప్పాను. ఆ సమయంలో అది ఎవరికీ ఉపయోగపడే సంగతి కాదు. నాకు లోపల భయం పట్టుకుంది. చీకటి పడితే అత్త తీర్పు అమలవుతుంది. అది నా వల్ల, రెండుసార్లు చదివిన నా వల్ల అమలవుతుంది.

మేకల్ని కాస్తూ దగ్గరి తండా పెద్దావిడ ఒక రాయి మీద కూర్చుని ఉంది. బావ నోరు తెరవబోయాడు. మామ కళ్ళతోనే ఆపాడు. ఆవిడే అడిగింది.

"ఏం పోయింది సారూ? ఏం దేవులాడుతున్నరు?"

"ఏం పోలేదమ్మా. నడుస్తున్నం."

"గా చేతిల గదేంది?"

"దారి చూపిస్తది."

"ఏడికి?"

 అడిగినదానికి జవాబు చెప్పడం దారి అడగడం కిందికి రాదని మామ తేల్చుకున్నట్టున్నాడు. "మా కారు కాడికి," అన్నాడు.

"చింతచెట్టు కింద తెల్ల కారా? పొద్దుగాల నా మేకలు దాని నీడలనే పండుకున్నయి. గది గా దిక్కు గదా సారూ!" అని సరిగ్గా మా వెనక్కి చెయ్యి చూపించింది. తర్వాత నా దగ్గరికి వచ్చి జీపీఎస్ అందుకుని, "ఏం కనబడుతది బిడ్డా, మొత్తం మన్ను పట్టింది," అంటూ మేము వద్దనేలోపు కొంగుతో బొట్టు తుడిచేసింది. కింద అంకె బయటపడింది. అరవై రెండు కిలోమీటర్లు.

"గీ అంకె ఏంది బిడ్డా?" అంది. నాకు అప్పుడు అర్థమైంది: కారు గుర్తు పడలేదు, పూజగది గుర్తు చెరగలేదు. గంట నుంచి మేం ముగ్గురం గుట్టల మీదుగా సూర్యాపేటలోని పూజగదికి నడుస్తున్నాం. చెప్పాను. బావ రాయి మీద కూలబడి నవ్వాడు. మామ నవ్వలేదు. "తప్పు పెట్టెది కాదు. అది కరెక్టుగనే పోతున్నది," అన్నాడు. రెండు అడుగులు వేసి, "మనం అడగలే. ఆమెనే చెప్పింది," అన్నాడు. ఆవిడ చూపించిన దిక్కున నడిస్తే ఎండ మొహాన కొట్టింది. ఐదు కాకముందే కారు దొరికింది.

నేను జీపీఎస్ ఆపబోయాను. "ఆపకు. పోనియ్యి. ఏడిదాంక పోతదో సూద్దాం," అని జేబులో పెట్టుకున్నాడు. దారి పొడుగునా తీసి చదువుతూనే ఉన్నాడు. మిర్యాలగూడ దాటేటప్పుడు ముప్ఫై. సూర్యాపేట దగ్గర పడేసరికి ఆరు. నేను వెనక సీట్లో కూర్చుని అత్తకు ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఒక్కటీ కుదరలేదు.

మేం వెళ్ళేసరికి అత్త పూజగదిలో సాయంత్రం దీపం పెడుతోంది. బావ గేటు దగ్గర కారు చూసుకుంటూ ఉండిపోయాడు. మామ చెప్పులు, అంటే బూట్లు విప్పి నేరుగా పూజగది గడప దగ్గరికి వెళ్ళాడు. అత్త తిరిగి చూసి, "తప్పిపోయిండ్రా?" అంది. అదే సమయానికి జేబులో జీపీఎస్ గట్టిగా కూసింది. మామ తీసి చూపించాడు. గమ్యం చేరారు అన్న మాట తెర మీద ఉంది.

"సూడు. దేవుని అర్ర కాడ ఎత్తుకున్నది, దేవుని అర్ర కాడ దించింది. ఎవల్నీ అడగలే," అన్నాడు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అత్త దాన్ని కాసేపు చూసి, కళ్ళకద్దుకుని, కొత్త బొట్టు పెట్టింది. బూట్లు బతికిపోయాయి. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికాయి.

ఆ మధ్య మామ బీరువా సర్దుతుంటే జీపీఎస్ దొరికింది. అత్తను అప్పటి నిజం చెప్పేద్దామని కూర్చోబెట్టాను. సగంలోనే ఆపేసింది. "నాకు తెల్వదా బిడ్డా? మీ బావ పెద్దవూరల పెట్రోలు పోయించుకునేటప్పుడే ఫోన్ చేసి చెప్పిండు. అయినా మీ మామ గడప కాడ నిలబడ్డ తీరు సూసి, ఇగ ఊకున్న."

ఇప్పుడు ఆదివారాలు నేను వెళుతున్నాను. కారు దగ్గర గుర్తు పెట్టి, సరే నొక్కానో లేదో రెండుసార్లు చూసుకుంటాను. ఎవరు కనబడినా దారి అడుగుతాను. 001 మాత్రం చెరపలేదు. గుట్ట మీద కూర్చున్నప్పుడు ఒక్కోసారి దాన్నే ఎంచుకుని వెళ్ళు అని నొక్కుతాను. బాణం అప్పటిలాగే గట్టిగా సూర్యాపేట వైపు తిరుగుతుంది. నోటుబుక్కులో గీతలు కొట్టిన ఆ పంతులమ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది. తర్వాత ఆపేసి, ఎండ ఎటు ఉందో చూసుకుని దిగుతాను.