మిరపచేలో ప్లాట్‌ఫారం

ఆ రోజుల్లో మా ఊరి వాళ్లకు రైలంటే సత్తెనపల్లి దాకా వెళ్లి చూసి రావలసిన వింత. క్రోసూరు దాటి లోపలికొచ్చే మట్టిరోడ్డు మీద ఒక్క బస్సు నడిచేది (నడిచేది అనడం మర్యాద కోసమే, సగం దూరం మేమే తోసేవాళ్లం). నేను సొసైటీలో ఎరువుల గుమాస్తాగా కొత్తగా చేరాను. ఉద్యోగం వచ్చింది కదా అని మావాళ్లు బాపట్లలో ఒక సంబంధం చూశారు. పిల్ల నాకు ఎంత నచ్చిందంటే, తిరిగొచ్చిన మర్నాడు యూరియా అడిగిన రైతుకి పొటాష్ ఇచ్చి తిట్లు తిన్నాను. చిక్కల్లా పిల్ల తండ్రితో వచ్చింది. ఆయన రైల్వేలో గార్డు. "మా అమ్మాయికి బస్సు పడదండీ. ఎక్కిందంటే వాంతులే. రైలున్న ఊరికైతేనే ఇద్దామనుకుంటన్నాం" అన్నాడు. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే మా వైపు రైలు మార్గం సర్వేకి ప్రభుత్వం నిధులిచ్చిందని రేడియోలో చెప్పారు. వారం తిరక్కుండా గొలుసులు పట్టుకుని ఎవరో వచ్చి, మా మిరపచేలో సున్నం కొట్టిన రాళ్లు పాతిపోయారు. ఇక మా బాబాయిని పట్టడం ఎవరి తరం? "గవర్నమెంటు డబ్బులిచ్చాక ఇంకేందిరా! పట్టాలు పరవటమేగా!" అంటూ నాతో ఒక్క మాటైనా చెప్పకుండా బాపట్ల వెళ్లి, ఇల్లు చూసుకుందురు రమ్మని గార్డుగారిని వెంటబెట్టుకొచ్చాడు.

ఇల్లు చూపించింది తక్కువ. మంచినీళ్లు తాగీ తాగకముందే చేలోకి తీసుకెళ్లాడు. ఒక రాయి మీద కాలు పెట్టి, "ఇదిగో బావగారూ, ప్లాట్‌ఫారం ఇక్కడ. ఆ తుమ్మచెట్టు కాడ టిక్కెట్ల గది" అన్నాడు. వెనకే వచ్చిన ఊరి పెద్దలంతా తలలూపారు.

గార్డుగారు కండువాతో చెమట తుడుచుకుని, "మరి సిగ్నలు ఎక్కడండీ?" అన్నాడు.

"మీరు ఎక్కడంటే అక్కడే పెట్టిద్దాం!"

నాకు ఆ మిరపమొక్కల కింద దూరిపోదామనిపించింది. ఆయన మెల్లగా నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు బాబూ. రైలెప్పుడొచ్చిద్ది?" అని అడిగాడు.

బాబాయి నా చెయ్యి గిల్లాడు. వచ్చే ఏడాది అంటే సరిపోయేది. "నాకు తెలవదండీ. అసలొచ్చిద్దో రాదో కూడా తెలవదు. బస్సు ఆగకముందే తువ్వాలేసి మీ అమ్మాయికి కిటికీ పక్క సీటు మాత్రం పడతానండీ" అన్నాను.

"ఒరేయ్, కొంప ముంచావు గదరా!" అన్నాడు బాబాయి, అందరికీ వినపడేట్టు.

గార్డుగారు ఇంటికి తిరిగొచ్చాడు. మజ్జిగ తాగి లేచాడు. సంబంధం పోయిందని మా అమ్మ లోపల కళ్లు ఒత్తుకుంటోంది. ఆయన్ని బస్సెక్కించడానికి నేనే వెళ్లాను. బస్సెక్కబోతూ నా భుజం మీద చెయ్యేసి, "సర్వే అంటే ఏందో నాకు తెలవదంటయ్యా? ఇట్టాంటి రాళ్లు చానా చూశా. ముహూర్తం పెట్టించమని మీ నాన్నకు చెప్పు" అన్నాడు. సంతోషం పట్టలేక ఆ రోజు బస్సును నేనొక్కణ్ణే తోసినంత పని చేశాను.

రైలు రాలేదు. రాళ్లలో ఒకటి మా బట్టలుతికే బండ అయింది. ఇప్పటికీ రైలు కోసం అర్జీ పట్టుకుని ఎవరొచ్చినా నేనే ముందు సంతకం పెడతాను. మొన్న కూడా పెడుతుంటే మా ఆవిడ నవ్వి, "ఇప్పుడొచ్చినా ఎక్కడికి పోతామండీ? బాపట్లలో మా నాన్న లేడుగా" అంది.

నిజమే. నేను మాట మార్చి కాఫీ అడిగాను. మా ఊరికి వచ్చే మొదటి రైలుకి ఆయనే గార్డుగా వస్తాడని, పచ్చజెండా పట్టుకుని మా చేలో దిగుతాడని, ఆయన రిటైరైన చాలా ఏళ్ల దాకా కూడా నేను అనుకుంటూనే ఉన్నానని ఆమెకెలా చెప్పను?