క్లాసంతా వల్లించిన మా ఇంటి తగువు

మా అమ్మకీ పెద్దమ్మకీ మాటల్లేవు. ఒకే ప్రహరీలో రెండు వాటాలు, నడుమ ఒకటే బావి. పేరంటానికి బొట్టుపెట్టి పిలవలేదని మొదలైన అలక వేసవి దాటినా తీరలేదు. అలాగని పనులాగుతాయా? "ఒసే, బావి కాడ బిందె తీసుకోమని మీయమ్మకి సెప్పు" అని పెద్దమ్మ నాతో అనేది. అమ్మ అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండేది. "నాకేటి సెవుడా? తీస్తన్నానని సెప్పు" అని అమ్మ పెద్దమ్మ కూతురితో అనేది. మా ఇద్దరికీ అదో ఆట. బయట మాత్రం నోరు మెదపకూడదు. ఇంటి గుట్టు లంకకి చేటని అమ్మ రోజూ హెచ్చరించేది.

అవి తొంభైలు. ఇంగ్లీషొస్తే చాలు, విశాఖలో ఉద్యోగం నడిచొస్తుందని అందరి నమ్మకం. చోడవరం బస్టాండు వెనక మేడమీద స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు పెడితే, ఇంటరైన మా ఇద్దర్నీ చేర్పించారు. ఒకే బెంచీ మాది.

ఒకరోజు మాస్టారు తగువుల మాటలు నేర్పారు. ఆర్గ్యుమెంటు, డిస్ప్యూటు, మిసండర్‌స్టాండింగు, గ్రూపిజం... బోర్డు నిండిపోయింది. సొంతంగా ఒక వాక్యం చెప్పండన్నారు. మా పెద్దమ్మ కూతురు చటుక్కున లేచింది.

"మై మదర్ అండ్ హర్ మదర్ ఆర్ నాట్ ఆన్ స్పీకింగ్ టర్మ్స్" అంది, నావైపు వేలు చూపిస్తూ. మా అమ్మకీ దీని అమ్మకీ మాటల్లేవని!

మాస్టారు మురిసిపోయారు. "వెరీగుడ్! ఒక్క తప్పు లేదు. అందరూ అనండి."

అన్నారు. మళ్ళీ అనమంటే మళ్ళీ అన్నారు. మా వీధి అమ్మాయిలైతే నా మొహంలోకి చూస్తూ మరీ గట్టిగా అన్నారు. ఛీ! ఆ నేల చీలిపోయి అందులోకి పోతే బాగుణ్ణనిపించింది. అయినా అందరితో పాటు నేనూ పెదాలు కదిపాను. మాస్టారు చూస్తున్నారు మరి.

మేం ఇల్లు చేరేలోపే సంగతి చేరిపోయింది. అరుగుల మీద ఒకటే నవ్వులు. పెద్దమ్మ గబగబా మా గుమ్మంలోకొచ్చింది. అమ్మకేం చెప్పమంటుందోనని నేను అలవాటుగా ఎదురెళ్ళాను. నన్ను పక్కకి నెట్టేసి అమ్మతోనే అంది.

"ఏటే, ఇన్నావా? ఈ గుంటలు మన పరువు బజారుకీడ్సేసేరు."

"ఇన్నానక్కా. రేపు వీధిలోకెలా ఎల్తాం?"

"ఇంక ఈళ్ళిద్దర్నీ ఆ క్లాసుకి పంపద్దు."

"అలాగే అక్కా."

అంతే. ఇన్నాళ్ళ అలక అక్కడితో సరి. ఇద్దరూ కూచుని కాఫీ కూడా తాగారు. మా ఇంగ్లీషు మాత్రం మేడమీదే ఉండిపోయింది. పెద్దమ్మ కూతురి మొహం చూడ్డానికి నాకు మనసొప్పలేదు. అదీ నావైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్న బావి దగ్గర అది నీళ్ళు తోడుతోంది. అమ్మా పెద్దమ్మా పక్కనే కబుర్లాడుకుంటున్నారు. నాకు చేద కావాలి.

"పెద్దమ్మా, చేద ఇమ్మని మీ గుంటకి సెప్పు" అన్నాను.

పెద్దమ్మ నవ్వబోయి ఆగిపోయింది. అమ్మవైపు చూసింది. అమ్మ తల దించుకుంది.