మెట్లు లేని ఇంట్లో మెట్లెక్కాను

ఊపిరితిత్తిలో క్యాన్సర్ పట్టిన భాగాన్ని కోసేసి, హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ ఇంటికి పంపేటప్పుడు నా ఛాతీ మీద ఒక పట్టీ అంటించారు. ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పుతోందట. పద్నాలుగు రోజులు ఆ పట్టీ గుండె కొట్టుకునే తీరును పట్టుకుని, జేబులోని చిన్న ఫోన్ ద్వారా ఆసుపత్రికి పంపుతుంది.

మూడో రోజుకే దాని మీద రోత పుట్టింది. చెమట దాని అంచుల్లో చేరి పుల్లటి వాసన. స్నానం లేదు, తడిగుడ్డతో తుడుచుకోవడమే. అన్నం ముందు కూర్చుంటే కూర కంటే ముందు నా వాసనే నాకు తగిలేది.

ఐదో రోజు కోదాడ నుంచి బావమరిది చూడటానికి వచ్చాడు. నా భార్య కూరగాయలకు వెళ్లగానే సిగరెట్ పెట్టె తీశాడు.

"ఒక్క దమ్ముకి ఏమవుద్ది బావా? ముప్పై ఏళ్లు తాగినోడివి."

వద్దనాలి. అనలేదు. ఇద్దరం బాత్రూం వెనక్కి వెళ్లాం. రెండు దమ్ములకే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కుట్లు లాగాయి, గుండె దడదడలాడింది. గోడ పట్టుకుని కళ్లె ఉమ్మాను. అందులో ఎర్రటి చార. కాలితో దాని మీదికి మట్టి తోసి, చేతులు కడుక్కుని మంచమెక్కాను. బావమరిది చాయ్ కూడా తాగకుండా బస్సుకు పోయాడు.

కాసేపటికి నా భార్య తిరిగి వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడే ఫోన్ మోగింది. ఆమే స్పీకర్ పెట్టింది.

"సార్, పదకొండింటికి మీ గుండె చాలా వేగంగా, లయ తప్పి కొట్టుకుంది. అప్పుడేం చేస్తున్నారు?" ఆసుపత్రి అమ్మాయి అడిగింది.

"మెట్లెక్కానమ్మా."

నా భార్య నా కుడిచెయ్యి లాక్కుని వేళ్లు వాసన చూసింది.

"మన ఇంట్ల మెట్లేడున్నయి? ఇరవై దినాలు దవాఖానల కటిక నేల మీద పన్నది దీనికేనా? ఆ పిల్లకు నిజం చెప్పు."

చెప్పాను. ఆ అమ్మాయి తిట్టలేదు.

"దగ్గులో రక్తం పడిందా సార్?"

"పడింది."

వెంటనే సూర్యాపేటలో తమకు తెలిసిన డాక్టర్ దగ్గరికి పొమ్మంది. కారులో నా భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ వైపే చూసింది. గొంతు గీరుకుపోయి రక్తం వచ్చిందని, కుట్లు బాగానే ఉన్నాయని డాక్టర్ చెప్పాడు. గుండె మాత్రం ఇంకా గాడిలో పడలేదని మాత్రలు మార్చాడు.

మిగిలిన తొమ్మిది రోజులూ ఆమె మాత్రలు నా చేతికివ్వలేదు. స్టూలు మీద పెట్టి వెళ్లిపోయేది. గుండె సర్దుకుందని చెప్పి ఆసుపత్రి వాళ్లు పట్టీ పీకేసిన రోజు చర్మం పచ్చిపుండులా ఉంది. ఆమె దాని మీద కొబ్బరినూనె రాసింది. నా ముఖంలోకి మాత్రం చూడలేదు.