అక్క రాసిన పదో వాక్యం

వేడెక్కిన ఇనుము మీద నూనె పడి, దానికి దూది నుసి అంటుకుంటే ఒక వాసన వస్తుంది. మొన్న, మా తెలుగు నేతగాళ్ళు మరాఠీ నేలకు వలసొచ్చి స్థిరపడ్డ పద్మనగర్‌లో, మా పాత సందులోంచి నడుస్తుంటే, అక్కడ ఇంకా మిగిలి ఉన్న ఒక్క షెడ్డు ముందు ఆ వాసన తగిలి నిలబడిపోయాను. తక్కినవన్నీ గోదాములయ్యాయి. వరసగా పేర్చిన అట్టపెట్టెలకు వాసనా లేదు, చప్పుడూ లేదు.

తొంభైలలో ఆ సందులో పక్కవాళ్ళ మాట కూడా వినబడేది కాదు. సాంచాలు, అంటే మరమగ్గాలు, పగలంతా టకటకలాడుతుంటే మా బాపు చేతులతోనే మాట్లాడేవాడు; పిడికిలి ఎత్తితే నూలు చుట్టిన కండెలు కావాలని, అరచెయ్యి చాపితే ఇక చాలని అర్థం. రేకుల మీద వాన పడుతున్న సంగతి కూడా మాకు గుమ్మంలో కారే ధారను చూస్తేనే తెలిసేది. అరిగిపోయిన కొయ్య కండెలను చెక్కుకుని చిర్రగోనె, అదే గిల్లీదండా, ఆడేవాళ్ళం. సద్దుల బతుకమ్మ నాడు అవ్వ, అంటే మా అమ్మ, చేసే మలీద ముద్దల్లో నెయ్యీ బెల్లం ఎంత కలిపినా, పట్టుకున్న వేళ్ళకు మాత్రం సాంచాల నూనె వాసనే ఉండేది. కరెంటు పోయినప్పుడే సందు హఠాత్తుగా నిశ్శబ్దమయ్యేది, ఇళ్ళలో మనుషులు అప్పుడే మాట్లాడుకునేవారు.

మా అక్క ఏడో తరగతితో బడి మానేసి, మగ్గంలో అడ్డపోగు కోసం నూలును కొయ్య కండెలకు చుట్టే మిషన్ ముందు కూర్చుంది. నేను మరాఠీ బడిలో ఎనిమిదికి వచ్చేసరికి తనకు పదిహేడేళ్ళు. సాయంత్రం నేను సంచీ దించగానే, “ఇయ్యాల ఏం జెప్పిన్రు తమ్మీ?” అని అడిగేది. నా పుస్తకం ఒడిలో పెట్టుకుని, ఒక కన్ను నూలు మీద, ఒక కన్ను అక్షరాల మీద ఉంచి చదివేది. నాకు అది విసుగ్గా ఉండేది.

ఒకరోజు మా ఇంగ్లీషు బాయి, టీచరమ్మను అక్కడ అలాగే పిలిచేవాళ్ళం, నా నోట్సు నిండా ఎర్రగీతలు పెట్టి ఇచ్చింది. హిందీలో దేనికైనా ‘బహుత్’ అనే అలవాటుతో నేను ప్రతిచోటా ‘టూ’ రాశాను. అమ్మ టూ గుడ్, మామిడిపండు టూ స్వీట్. ‘టూ’ పెట్టి సొంతంగా పది వాక్యాలు సరిగ్గా రాసుకు రమ్మంది బాయి. గైడులో వెతికాను, దొరకలేదు.

ఆ సాయంత్రం కరెంటు లేదు. అక్క ఎర్రగీతలను చాలాసేపు చూసింది. తర్వాత ఒక పోగు తీసి రెండు చేతుల మధ్య లాగింది.

“చూడు, గట్టిగున్నది. గిది వెరీ. ఇంగ జర గుంజుత.” పోగు తెగింది. “గిది టూ. పని చెడితెనే టూ అనాలె. అవ్వ మంచితనంతోని ఏం చెడిందిరా?”

“నీకెట్ల ఎరుక?”

“నువ్వు బడికి పోయి నిద్రపోతవు, నేను గీడ మేల్కొని ఉంట.”

ఇద్దరం నవ్వుకున్నాం. తనే వాక్యాలు చెప్పి, రాసింది కూడా. పోగు మరీ బిగుతు, నేతకు రాదు. బాపు మరీ అలసిపోయాడు, తినలేడు. షెడ్డులో చప్పుడు మరీ ఎక్కువ, మాట వినబడదు. అన్నీ మా ఇంటివే. పదోది రాసేటప్పుడు కొంచెం ఆగింది: మై సిస్టర్ ఈజ్ నాట్ టూ ఓల్డ్ టు లర్న్. నేర్చుకోలేనంత వయసు మా అక్కకు ఇంకా రాలేదని.

నేను నా దస్తూరీలో తొమ్మిదే ఎత్తి రాశాను. చదివితే రాసిందెవరో తెలిసిపోతుందని పదో దాన్ని అడ్డంగా కొట్టేసి, చాయ్ గురించి ఒకటి అతికించాను. బాయి తరగతిలో అన్నీ చదివి వినిపించి, నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో ఎవరు చెప్పారని అడిగింది. చదువు ఆపేసిన వాళ్ళెవరైనా ఉంటే సత్రా నంబర్, అంటే పదిహేడో నంబర్, ఫారం నింపుదామని, బడికి రాకుండానే పదో తరగతి పరీక్ష రాయవచ్చని, గడువు ఆ వారమేనని చెప్పింది.

“కోణీ నాహీ,” అన్నాను. ఎవరూ లేరు.

అక్క చదువులో పడితే కండెలు నా నెత్తిన పడతాయని భయపడ్డాను. అంతకంటే, తరగతిలో దొరికిన ఆ మెప్పులో నాకు భాగస్వామి వద్దనుకున్నాను. చిన్నతనం అని సర్దుకుందామంటే, గడువు దాటడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నాలుగు రోజులూ ఆలోచించాను, నాలుగు రోజులూ చెప్పలేదు.

ఇంటికి రాగానే అక్క, “బాయి ఏమన్నది?” అని అడిగింది.

“మంచిగున్నయన్నది.”

“పదోది?”

“అది గూడ.”

అక్క ఆ రోజంతా సంబురంగా ఉంది. మరుసటి ఏడు పెళ్ళై సిరిసిల్ల వెళ్ళిపోయింది. ఆమె లేని మిషన్ ముందు చివరికి నేనే కూర్చున్నాను. ‘ఇయ్యాల ఏం జెప్పిన్రు’ అని అడిగే మనిషి ఆ తర్వాత నాకు ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు బతుకమ్మ పండుగకు అక్కకు ఫోన్ చేస్తాను. పిల్లలు ఎట్లున్నరంటుంది, బాగున్నరంటాను, అంతటితో ఫోన్ పెట్టేస్తాం. ఒకప్పుడైతే చెప్పాల్సిన మాట రాకపోతే ఆ తప్పును సాంచాల చప్పుడు మీద నెట్టేసేవాళ్ళం. మొన్న ఆ షెడ్డు ముందు నిలబడి ఆమె నంబరు తీశాను. నిజం చెప్పడానికి మరీ ఆలస్యమైందా అని నన్ను నేనే అడిగాను. కాలేదని చెప్పే వాక్యం ఆమే ఎప్పుడో రాసి ఇచ్చింది; దాన్ని కొట్టేసిన చేతిలోనే ఫోన్ ఉంది.