కొరమేను పెద్ద ముక్క

మొన్న ఆదివారం గుండుగొలనులో మా ఆఫీసు అమ్మాయి ఇంటికి భోజనానికి వెళ్ళాను. గుమ్మంలోనే చింతపండు పులుసులో ఉడుకుతున్న కొరమేను వాసన తగిలింది. వెంటనే సలోమీ టీచరు గారు గుర్తొచ్చారు.

ఆవిడ ఆకివీడులో మా పక్కింటివారు. హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. రెండువేల ఐదు ప్రాంతంలో నేను రెండోసారి నెల తప్పాను. మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది. ఒంట్లో బలం లేకే అలా జరిగిందని మా మామగారి గట్టి నమ్మకం. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే కొల్లేటి గట్టుకు స్వయంగా వెళ్ళి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద కొరమేనును ఏరి తెచ్చేవారు. అందులో పెద్ద ముక్క నా కంచంలో పడితే గానీ ఆయన అన్నం ముట్టేవారు కాదు. అంత మొండి ప్రేమ నేనెక్కడా చూడలేదు.

టీచరు గారు ఒకరోజు నెమ్మదిగా చెప్పి చూశారు.

“బాబాయి గారూ, కాలువల్లో వచ్చే మురుగంతా కొల్లేటిలోకే కదండీ చేరేది. నీళ్ళలో పాదరసం లాంటివి ఉంటే చిన్న చేపకి కాస్తే పడుతుంది. పెద్ద చేప ఏళ్ళ తరబడి చిన్నవాటిని తిని, అదంతా ఒంట్లో పోగేసుకుంటుంది. తల్లి తింటే కడుపులో బిడ్డకీ వెళ్తుందండీ. లేత మెదడు తట్టుకోలేదు.”

“మా అమ్మ ఈ చేపలు తినే ఏడుగురిని కన్నదమ్మా!”

“అప్పటి నీళ్ళు వేరండీ.”

మామగారు కండువా దులుపుకుని లేచిపోయారు. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. తింటే బిడ్డకేమవుతుందో, తినకపోతే ఆ పెద్దాయన మనసేమవుతుందో తెలియక ఏడ్చేశాను.

మరుసటి ఆదివారం టీచరు గారు చర్చి నుంచి సరాసరి మా ఇంటికొచ్చి పీట వాల్చుకున్నారు.

“ఏవనుకోకండి బాబాయి గారూ, వాసనకి ఆగలేకపోయానండీ. ఆ పెద్ద ముక్క నాకు వేయించండి.”

అడిగి తినేవాళ్ళకి లేదనడం మా మామగారి ఇంటావంటా లేదు. “అంతకన్నా భాగ్యమా అమ్మా!” అంటూ దగ్గరుండి వడ్డింపజేశారు. టీచరు గారు సంచిలోంచి చిన్న పరిగె చేపల పొట్లం తీసి మా అత్తగారికిచ్చారు. “ఇవి అమ్మాయికి వండండి పిన్నిగారూ. చేప మానక్కర్లేదు, చిన్నవైతే మంచిది.”

కాన్పయ్యేదాకా ప్రతి ఆదివారం ఇదే వరస. ముద్దముద్దకీ ఆవిడ మంచినీళ్ళు తాగుతుంటే, కారం ఎక్కువైందేమోనని అత్తగారు నొచ్చుకునేవారు. ఈవిడ జిహ్వ చాపల్యం చూడమ్మా అని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

పాప పుట్టింది. కొన్నాళ్ళకి, కృతజ్ఞత కొద్దీ కొరమేను పులుసు క్యారేజీలో పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళాయన మూత తీసి తెల్లబోయారు.

“చేపలా? మా ఆవిడ ముట్టదేమ్మా! వాసనకే కడుపులో తిప్పేస్తుంది తనకి. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో చేప వండిందే లేదు.”

నేను గబగబా మూత పెట్టేశాను. లోపల్నుంచి టీచరు గారు నవ్వుతూ వచ్చారు.

“మీ మామగారికి చెప్పకమ్మా. బాధపడతారు.”

ఆయన పోయేదాకా చెప్పలేదు.

గుండుగొలను అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. వాళ్ళత్తగారు గరిటెతో పెద్ద ముక్క తీసి కోడలి కంచం వైపు వంగారు.

“పిన్నిగారూ, అది నాకు వెయ్యండి,” అని నా కంచం ముందుకు జరిపాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

నాకు చేపలంటే ప్రాణం. ముల్లు కూడా వదలకుండా తిన్నాను. టీచరు గారు నీళ్ళతో మింగిన ఒక్క ముద్దకు అదెక్కడ సరితూగుతుంది!