మ్యూట్‌లో పెట్టిన వాన

ఫిల్మ్ నగర్‌లో కొత్తగా పనికి చేరిన ఆ రోజుల్లో, దేనిలోనైనా ఒక లోపం చూపిస్తే చాలు, మనల్ని తెలివైనవాళ్ళనుకుంటారని నాకో నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే ఒకరోజు మా ప్రొడ్యూసర్ గారి ముందు పచ్చి అబద్ధం ఆడాను. నా ఉద్యోగమే చూసి చెప్పడం. ఆయనకు తీరిక ఉండదు కనుక, వచ్చిన కథలూ షార్ట్ ఫిల్ములూ నేను చూసి, ఏం బాగుంది, ఏం బాగాలేదు అని రెండు ముక్కల్లో చెబితే, ఆయన దాన్నే తన అభిప్రాయంగా ప్రకటించేవారు. (నా మాటలు ఆయన నోట విన్నప్పుడల్లా, ఆయనే నా దగ్గర పనిచేస్తున్నట్టు అనిపించేది.)

ఆసారి వచ్చింది ఒక చిన్న వీడియో గేమ్. చేసింది రహమత్ నగర్‌లో ఉండే మా సౌండ్ అన్న. స్టూడియోలో సినిమాలకు చప్పుళ్ళు రికార్డు చేసే పని మానేసి, ఇంట్లో కూర్చుని ఒక్కడే చేశాడు. ప్రొడ్యూసర్ గారు చెయ్యి వేస్తేనే అది బయటికొస్తుంది. లేకపోతే అన్న మళ్ళీ ఆ పాత పనికోసం తిరగాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. వానలో తడుస్తున్న పాడుబడ్డ బంగళా, గదికో చిక్కుముడి, అన్నీ విప్పితే బయటపడతాం. ఆఫీసులో ఎవరికీ అడ్డం కాకూడదని సౌండ్ మొత్తం తీసేసి ఆడాను. రెండో గదిలో కారుతున్న కప్పు కింద నాలుగు బకెట్లు. వాటిని వరసలో పెట్టాలి. ఏ వరసో ఎంతకీ తేలలేదు. విసుగొచ్చి వదిలేశాను.

మర్నాడు కేబిన్‌లో అన్న నాకు ఎదురుగానే కూర్చున్నాడు. "బొమ్మ బాగుందండీ, కెమెరా పెట్టి తీసినట్టుంది," అని మొదలుపెట్టి, "కానీ ఆ బకెట్ల దగ్గర క్లూ లేదు. గుడ్డిగా మార్చుకుంటూ పోవాలి," అన్నాను. అన్న తలెత్తాడు.

"తమ్మీ, సౌండ్ పెట్టుకొనే ఆడినవ్ గద?"

ప్రొడ్యూసర్ గారు ఫోన్ పక్కన పెట్టి నావైపు చూశారు. లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. (చూసి చెప్పేవాడు చూడకుండానే చెబుతున్నాడని కూడా తేలిపోయేది.)

"పెట్టుకునే ఆడానన్నా," అన్నాను.

"సరే, చూద్దాంలే బాబూ," అన్నారు ప్రొడ్యూసర్ గారు అన్నతో. ఫిల్మ్ నగర్‌లో ఆ మాటకు అర్థమేమిటో అన్నకూ తెలుసు. "ఉంట సార్," అని లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ ఆడాను. ఖాళీ బకెట్ టంగుమంటోంది, నిండినది చుబుక్కుమంటోంది. వినగానే వరస తెలిసిపోయింది. అంతలో నా వెనక ఎవరో తడికాళ్ళతో నడిచొస్తున్నారు. (గేమ్‌లోనే.) సరిగ్గా అప్పుడే కండక్టరమ్మ నా భుజం తట్టింది. నేను పెట్టిన కేకకు డ్రైవరు బ్రేక్ వేశాడు.

"గట్ల అరుస్తవేంది? టికెట్ అడిగిన, పానం అడగలే," అందామె.

పొద్దున్నే ప్రొడ్యూసర్ గారి దగ్గరికి వెళ్ళి, "నిన్న అబద్ధం చెప్పాను సార్. సౌండ్ లేకుండా ఆడాను," అన్నాను.

"అంటే, ఇన్నాళ్ళూ నువ్వు చెప్పినవన్నీ?"

"కొన్ని, సార్."

"ఆ ఇయర్‌ఫోన్స్ ఇలా ఇవ్వు."

ఆడుతున్నంతసేపూ ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. చివరికి, "అతన్ని రమ్మను. ఇక నువ్వు చూసి చెప్పక్కర్లేదు, నేనే చూసుకుంటాను," అన్నారు.

ఆ కబురు నేనే రహమత్ నగర్‌కు మోసుకెళ్ళి, జరిగింది చెప్పాను. అన్న ఆశ్చర్యపోలేదు. "సౌండ్ పెట్టినోడు బొమ్మ బాగుందని షురూ చేయడు తమ్మీ. గప్పుడే తెల్సింది."

"మరి అక్కడే ఎందుకనలేదన్నా?"

"నీ నౌకరీ పోతది గద."

"పోయింది," అన్నాను.

"అయితే ఇంక ఫికర్ లేదు. నిజం జెప్పు, ఏం బాగలేదు?"

ముందు రాత్రే గేమ్ చివరిదాకా ఆడేశాను కనుక చెప్పగలిగాను. మరీ చిన్నది, భయం ఒంటికి పట్టేలోపే అయిపోతోంది. చివరి తలుపు మనల్ని ఏమీ అడక్కుండానే తెరుచుకుంటోంది. అన్న కాస్త జరిగి కంప్యూటర్ ముందు నాకూ చోటిచ్చాడు. ఆ తలుపు గట్టిపడేదాకా రోజూ వెళ్ళి, దొరికిన తప్పల్లా చెబుతూ ఆడిపెట్టాను. ఎంత గట్టిపడిందంటే, జవాబు తెలిసిన నాకే ఇప్పుడది ఓ పట్టాన తెరుచుకోదు.